ఆర్కిటిక్ నీళ్లలో సీటీడీ: కొన్ని వేసవులు వాడాక రాస్తున్న సమీక్ష

నేను ఏళ్లుగా ఆర్కిటిక్ ఫీల్డ్‌వర్క్‌లో వాడుతున్న సీటీడీ, నీళ్లలో ఉన్నంతసేపు నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. దానితో పడ్డ పాట్లన్నీ నీళ్ల బయటే: పడవ మీద, చలిగాలిలో, పెట్టెలో, కస్టమ్స్ వాళ్ల బల్ల మీద. అందుకే ఈ సమీక్షలో సెన్సార్ల గురించి తక్కువ, మిగతా గొడవ గురించి ఎక్కువ ఉంటుంది. సెన్సార్ల గురించి కంపెనీ బ్రోషర్ ఎలాగూ చెబుతుంది.

సీటీడీ సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది సముద్రంలోకి తాడు కట్టి దించే పరికరం. నీటి వాహకత, ఉష్ణోగ్రత, ఒత్తిడి కొలుస్తుంది. ఒత్తిడిని బట్టి లోతు, మూడింటినీ కలిపి లవణీయత లెక్క కడతాం. పెద్ద ఓడల మీద నీటి సీసాల చట్రంలో బిగించే భారీ సీటీడీలు వేరు. మాది ఒక మనిషి ఎత్తగలిగే రకం. ఒక గొట్టం, దాని చుట్టూ స్టీలు పంజరం, పక్కన అరచేతిలో పట్టేంత పంపు. లోపల తొమ్మిది డి సైజు బ్యాటరీలు, సొంత మెమరీ. సెకనుకి 4 సార్లు కొలుస్తుంది. ఉష్ణోగ్రత 0.005 డిగ్రీకి మించి తేడా రాదని స్పెసిఫికేషన్‌లో ఉంటుంది. కంపెనీ పేరు రాయడం లేదు. పంపు ఉన్న సీటీడీ ఏది తీసుకున్నా కింద చెప్పే విషయాల్లో ఎక్కువ భాగం వర్తిస్తాయి.

వాడిన చోటు నార్వేకి ఉత్తరాన ఆర్కిటిక్‌లో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని కోంగ్స్‌ఫియోర్డెన్ అనే ఫియోర్డు, అంటే భూమిలోకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ. ఇంచుమించు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఒడ్డున నీ-ఓలెసుండ్ అనే చిన్న పరిశోధనా గ్రామం ఉంది. ఒకప్పుడు అది బొగ్గుగని ఊరు, 1962లో జరిగిన పెద్ద ప్రమాదం తర్వాత గని మూతపడింది. ఇప్పుడు పది దేశాల దాకా అక్కడ స్టేషన్లు పెట్టుకున్నాయి. మన ‘హిమాద్రి’ 2008 జులై 1న మొదలైంది. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధనా కేంద్రం దాన్ని నడుపుతుంది. 2014 జులైలో మనవాళ్లు ‘ఇండార్క్’ అనే మూరింగ్‌ని (అడుగున లంగరు వేసి, తాడు మీద పరికరాలు నిలబెట్టే ఏర్పాటు) ఈ ఫియోర్డులోనే 192 మీటర్ల లోతున నిలిపారు. ఆర్కిటిక్‌లో మన దేశానికి అదే మొదటిది.

ఇంత దూరం వచ్చి ఈ ఫియోర్డునే ఎందుకు కొలవాలంటారా? చాలా ఫియోర్డుల ముఖద్వారం దగ్గర నీటి అడుగున ఒక గట్టు ఉండి, బయటి నీళ్లని చాలావరకు ఆపేస్తుంది. కోంగ్స్‌ఫియోర్డెన్‌కి చెప్పుకోదగ్గ గట్టు లేదు. స్వాల్‌బార్డ్‌లోని పెద్ద దీవి స్పిట్స్‌బెర్గెన్ పడమటి తీరం వెంట పైకి పారే అట్లాంటిక్ వెచ్చని నీళ్లు గాలివాటం కుదిరితే నేరుగా లోపలికి వచ్చేస్తాయి. 3 డిగ్రీల కన్నా వెచ్చగా ఉండి, లవణీయత 34.65 కన్నా ఎక్కువైతే (కిలో నీటికి ఇంచుమించు అన్ని గ్రాముల ఉప్పు అని) ఇక్కడ ఆ నీటిని అట్లాంటిక్ నీరు అని లెక్కిస్తారు. ఫియోర్డు రెండో చివర క్రోనెబ్రీన్ లాంటి హిమానీనదాలు సముద్రంలోకే దిగి ఉంటాయి, వేసవంతా మంచినీళ్లు వదులుతుంటాయి. అంటే ఇరవై కిలోమీటర్ల పొడవులో ఒక పక్క నుంచి ఉప్పు, వెచ్చదనం, ఇంకో పక్క నుంచి మంచినీళ్లు, చలి. ఎంత నీరు ఏ లోతులో ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి సీటీడీని మించిన దారి లేదు. 2006 నుంచి ఇక్కడ చలికాలపు సముద్రపు మంచు బాగా తగ్గిపోయింది కాబట్టి ఈ లెక్కలకి ఇప్పుడు గిరాకీ ఎక్కువ.

ఇక వాడకం.

కొలవాల్సిన చోటుకి (దాన్నీ స్టేషన్ అనే అంటాం) చేరాక పడవ నడిపే ఆయన ఇంజిన్ తగ్గించి, ఎకోసౌండర్ చూసి లోతు చెబుతాడు. సీటీడీకి ఉన్న స్విచ్ అయస్కాంతంతో పనిచేస్తుంది. గొట్టానికి రంధ్రం అక్కర్లేకుండా, నీరు లోపలికి పోయే దారి లేకుండా పెట్టిన మంచి ఏర్పాటు. కానీ దాన్ని జరపడానికి బొటనవేలితో గట్టిగా నెట్టాలి. దళసరి గ్లవుజులతో కుదరదు. గ్లవుజు తీసి, నెట్టి, మళ్లీ వేసుకునేలోగా వేళ్ల కొసలు మొద్దుబారతాయి. జులైలో ఫర్వాలేదు, గాలి నాలుగైదు డిగ్రీలుంటుంది. ఏప్రిల్‌లో అదే పని ఏడిపిస్తుంది. స్విచ్‌కి ఒక చిన్న దారపు ఉచ్చు కట్టుకోవడం మాకు కలిసొచ్చింది. ఉచ్చులో కొక్కెం వేసి లాగితే గ్లవుజు తియ్యక్కర్లేదు.

తర్వాత పరికరాన్ని నీళ్లలోకి వదిలి, పైభాగం మునిగేలా పట్టుకుని ఆగాలి. పడవ మీద ఎండలోనో, కేబిన్‌లోనో ఉండి వచ్చిన లోహం నీటి ఉష్ణోగ్రతకి చేరాలి, గొట్టాల్లో ఉన్న గాలి బయటికి పోవాలి, పంపు మొదలవ్వాలి. అప్పుడు దించడం. బావిలోకి బొక్కెన దించినట్టు చెయ్యి మార్చి చెయ్యి వదులుతూ పోవాలి, కానీ వేగం తగ్గకూడదు, పెరగకూడదు. సెకనుకి అర మీటరు చొప్పున దించితే మీటరుకి ఎనిమిది కొలతలు వస్తాయి. తాడుకి ప్రతి పది మీటర్లకీ రంగు టేపు చుట్టి ఉంటుంది. పక్కనున్నవాళ్లు గడియారం చూస్తూ టేపులు లెక్కపెడతారు. అడుగుకి కొన్ని మీటర్లు ఉందనగా ఆపేస్తాం, ఎందుకంటే అడుగున మెత్తటి బురద, ఒకసారి అందులో దిగబడితే ఆ పూట శుభ్రం చేయడానికే సరిపోతుంది. పైకి లాగేటప్పుడు వచ్చే కొలతల్ని మామూలుగా వాడం. సెన్సార్లు కింది భాగంలో ఉంటాయి కాబట్టి, పైకి వచ్చేటప్పుడు పరికరం తానే కలియబెట్టిన నీటిని కొలుస్తుంది.

ఇక్కడ పంపు గురించి ఆగి చెప్పాలి. వాహకతని కొలిచే సెల్ అంటే సన్నటి గాజు గొట్టం. అందులో నీరు ఒకే వేగంతో పారితేనే ఉష్ణోగ్రత సెన్సార్ చూసిన నీరూ, సెల్ చూసిన నీరూ ఒకటే అని నమ్మకంగా చెప్పగలం. ఆ పారే వేగాన్ని ఇచ్చేది పంపు. అది గాల్లో వట్టిగా తిరిగి పాడవకుండా ఒక కాపలా పెట్టారు: వాహకత ఒక స్థాయి దాటితేనే, అంటే నీళ్లలో పడ్డానని పరికరానికి నమ్మకం కుదిరితేనే, ఆ తర్వాత 60 సెకన్లకి పంపు తిరుగుతుంది. ఉప్పునీటికి ఇది చక్కటి ఏర్పాటు.

ఒక సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్న మా టీములోని పీహెచ్‌డీ అమ్మాయి పిలిచింది. “సార్, ఈ స్టేషన్‌లో పై ముప్పై మీటర్లూ లవణీయత గీత పిచ్చిపిచ్చిగా ఉంది. కింద మాత్రం బానే ఉంది. సెల్ పోయిందంటారా?”

“సెల్ పోతే కింద మాత్రం బాగా ఎందుకొస్తుందమ్మా? పంపు ఎప్పుడు మొదలైందో లెక్కేసి చూడు.”

లెక్క తేలిపోయింది. ఆ స్టేషన్ బాయెల్వా నది నీళ్లు ఫియోర్డులో పరుచుకునే చోట ఉంది. ఆ రోజు గాలి లేదు. పైన తేలుతున్న పొర దాదాపు మంచినీళ్లే. ఉపరితలం దగ్గర ఎంతసేపు పట్టుకున్నా పరికరం నీళ్లలో ఉన్నానని అనుకోలేదు. దించడం మొదలుపెట్టి, ఉప్పునీరు తగిలాకే దాని 60 సెకన్ల లెక్క మొదలైంది. సెకనుకి అర మీటరు వేగంతో దిగుతుంటే ఆ 60 సెకన్లలో ముప్పై మీటర్లు దాటిపోయాయి. మేము అంత దూరం వెళ్లింది ఆ పై ముప్పై మీటర్ల కోసమే. మర్నాటి నుంచి ఆ ప్రాంతంలో పద్ధతి మార్చాం: ముందు అయిదారు మీటర్ల లోతుకి దించి, పంపు మొదలయ్యేదాకా అక్కడ ఆగి, మళ్లీ ఉపరితలానికి లాగి, అప్పుడు అసలు కాస్ట్ (ఒకసారి దించి లాగడాన్ని అలా అంటాం) మొదలుపెట్టడం. మంచినీటికి తగ్గట్టు ఆ స్థాయిని సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు కూడా. మాన్యువల్‌లో ఉంది, నదులు, సరస్సులు కొలిచేవాళ్ల కోసం రాసిన చోట. హిమానీనదాల దగ్గర పనిచేసేవాళ్లు ఆ పేజీ ముందు చదవాలి. ఎక్కడో మధ్యలో దాచే విషయం కాదిది, నన్నడిగితే మొదటి పేజీలో రాయాలి.

ఇంకో చిన్న రంధ్రం కథ ఉంది. పంపు గొట్టంలో పై భాగాన గాలి బయటికి పోవడానికి సూది మొనంత కన్నం పెట్టారు. అది మూసుకుపోతే గాలి బుడగ లోపలే చిక్కుకుని, పంపు తిరిగినా నీరు కదలదు. క్రోనెబ్రీన్ ముందు నీళ్ల రంగు చూస్తే ఆ కన్నం ఎందుకు పూడుతుందో అర్థమవుతుంది. హిమానీనదం కింద నుంచి కరిగిన నీళ్లు, రాయిని అరగదీసిన సన్నటి పిండిని మోసుకుని సముద్రం అడుగున బయటపడతాయి. మంచినీళ్లు తేలిక కాబట్టి గిరగిరా పైకి లేస్తాయి. ఉపరితలం మీద గోధుమ రంగు మడుగులా కనిపిస్తుంది. ఆ ప్రవాహం పైకి తోసిన చిన్న జీవుల కోసం కిట్టివేక్ పక్షులు గుంపులుగా దాని మీద ముసురుతుంటాయి. పక్షులు ఎక్కడుంటే అక్కడ మంచి డేటా అని మా పడవాయన లెక్క, చాలాసార్లు నిజమే అయ్యింది. కాకపోతే హిమానీనదం మొహం నుంచి ఎప్పుడు ఏ ముక్క విరిగి పడుతుందో తెలియదు కాబట్టి నిర్ణీత దూరం దాటి దగ్గరికి పోనివ్వరు. పోనివ్వకపోవడమే మంచిది. అలాంటి రోజున సన్నటి తీగతో ఆ కన్నం పొడవడం కాస్ట్‌కీ కాస్ట్‌కీ మధ్య తప్పనిసరి పని. తీగని మేము టేపుతో పంజరానికే అంటించి ఉంచుతాం.

రాతిపిండి సెల్ లోపల కూడా పేరుకుంటుంది. పేరుకుంటే వాహకత తక్కువ చూపిస్తుంది, లవణీయత తగ్గినట్టు కనిపిస్తుంది. కరిగిన నీళ్లు వచ్చే చోట లవణీయత తగ్గితే ఎవరూ అనుమానించరు, అదీ చిక్కు. అందుకే రోజూ సాయంత్రం శుభ్రం చేయాల్సిందే. దీనికి ఓపిక కావాలి. గాజు గొట్టం లోపల ప్లాటినం పూత వేసిన ఎలక్ట్రోడులు ఉంటాయి. బ్రష్షు పెట్టకూడదు, దూది పెట్టకూడదు, వేలు పెట్టే ఆలోచనే రాకూడదు. పెద్ద సిరంజికి మెత్తటి ట్యూబు తగిలించి, ట్యూబుని సెల్‌కి అమర్చి, ట్రైటాన్ అనే సబ్బు లాంటి ద్రవం ఒక శాతం కలిపిన నీళ్లని మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. మొదటి సిరంజిలో వెనక్కి వచ్చే నీళ్లు బూడిద రంగులో ఉంటాయి. రెండోది కాస్త తేరుతుంది. తేటగా వచ్చాక డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీటితో కడిగి, ఆఖరున ఒక్క బొట్టు లేకుండా విదిలించి ఆరనివ్వాలి. నీ-ఓలెసుండ్‌లో మంచి మెరైన్ ల్యాబ్ ఉంది, వెచ్చటి గదిలో బల్ల ముందు కూర్చుని చేసుకోవచ్చు. అది లేని చోట పడవ మీద ఈ పని చేసేవాళ్లంటే నాకు జాలి.

ఆ ఆఖరి బొట్టు సంగతి ఎందుకు అంత పట్టించుకోవాలో ఏప్రిల్‌లో వెళ్తే తెలుస్తుంది. సముద్రపు నీరు ఎంత చల్లబడినా మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, అంతకన్నా చల్లని నీళ్లు అక్కడ పరికరానికి దాదాపు ఎదురుపడవు. గాలికి అలాంటి హద్దు లేదు. మైనస్ 15 మామూలే, దాని మీద ఈదురుగాలి. సీటీడీని నీళ్లలోంచి బయటికి తీసిన క్షణం నుంచే టెన్షన్ మొదలవుతుంది. సెల్‌లో మిగిలిన నీళ్లు గడ్డకడితే గాజు పగులుతుంది, సెల్ మార్చడం అక్కడ అయ్యే పని కాదు, సీజన్ అక్కడితో సరి. మేము చేసేది ఇదీ: నీళ్లు పూర్తిగా వంచేసి, వెంటనే థర్మోకోల్ పొదిగిన పెద్ద ఐస్‌బాక్సులో పెట్టి, పక్కన వేడినీళ్ల సీసాలు రెండు పెట్టి మూత వేస్తాం. ఐస్‌క్రీం కరగకుండా ఉండటానికి మనం వాడే పెట్టె అక్కడ గాజు పగలకుండా కాపాడుతుంది. స్టేషన్ల మధ్య దూరం తక్కువైతే ఇంకా తేలిక దారి ఉంది: బయటికి తియ్యకుండా నీళ్లలోనే వేలాడదీసి, పడవని మెల్లగా పోనివ్వడం. తేలే మంచుముక్కలు లేని రోజైతేనే సుమా.

బ్యాటరీల విషయంలో కొత్త సంగతేమీ లేదు, చలికి ఆల్కలైన్ సెల్స్ తొందరగా నీరసపడతాయి. హైదరాబాద్‌లో టెస్ట్ చేసి “ఇంకా సగం ఉంది” అనుకున్నవి అక్కడ ఆ లెక్కన పనిచేయవు. సీజన్ మొదట్లో కొత్తవి వేసి, మధ్యలో మరోసారి మార్చేస్తాం. లిథియం సెల్స్ చలికి మెరుగే కానీ వాటిని విమానంలో తీసుకెళ్లే కాగితాల పని చూశాక ఆల్కలైనే హాయి అనిపించింది. బ్యాటరీ మార్చాలంటే ఎండ్ క్యాప్ (గొట్టం చివరి మూత) తెరవాలి, తెరిస్తే ఓ-రింగు (నీరు రాకుండా ఆపే రబ్బరు వలయం) చూడాలి. ఒక వెంట్రుక, ఒక ఉన్ని పోగు చాలు నీరు లోపలికి రావడానికి. అందరం ఉన్ని స్వెట్టర్లలో ఉంటాం కాబట్టి మా దగ్గర ఒక రూలు: ఓ-రింగు ముట్టుకునేవాళ్లు స్వెట్టర్ తీసేసి, నైట్రైల్ గ్లవుజు వేసుకుని, దీపం కింద చుట్టూ తిప్పి చూసి, పల్చగా గ్రీజు రాసి మూయాలి. కేబుల్ పిన్నుల మీద రబ్బరు ప్లగ్గులు పెట్టేటప్పుడు లోపలి గాలి బయటికి పోయేలా వేళ్లతో అడుగు నుంచి పైకి నొక్కుకుంటూ రావాలి. చలికి రబ్బరు బిర్రుగా అయిపోతుంది, ఊడదీసేటప్పుడు పక్కలకి వంచితే పిన్ను వంగుతుంది. నిటారుగా లాగాలి. వీటిలో ఏదీ కష్టమైన పని కాదు. అలసిపోయి తిరిగొచ్చి, భోజనానికి మెస్ మూసేసే టైము దగ్గర పడుతుండగా చేయాల్సి రావడమే కష్టం.

నీ-ఓలెసుండ్‌కి ప్రత్యేకమైన ఇంకో షరతు ఉంది. అక్కడ నార్వే సర్వే సంస్థ వారి భారీ రేడియో యాంటెన్నాలు సుదూర గెలాక్సీల నడిమధ్య మెరిసే క్వేజార్ల నుంచి వచ్చే సంకేతాలను వింటూ భూమి కదలికలను మిల్లీమీటర్లలో కొలుస్తాయి. వాటికి అడ్డం రాకుండా చుట్టూ 20 కిలోమీటర్ల మేర 2 నుంచి 32 గిగాహెర్ట్జ్ మధ్య ప్రసారాలు నిషేధం. వైఫై లేదు, బ్లూటూత్ లేదు, ఫోన్లు ఫ్లయిట్ మోడ్‌లో. ఈ మధ్య వస్తున్న సీటీడీల్లో వైఫైతో డేటా దించుకోవచ్చని గొప్పగా అమ్ముతున్నారు. అక్కడికి వెళ్లేవాళ్లు ఆ ఫీచర్‌కి అదనంగా ఒక్క రూపాయి పెట్టొద్దు. మా పాత సీటీడీకి సీరియల్ కేబులే దిక్కు. నెమ్మది, పురాతనం, పైగా ఈ కాలం ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టే ఉండదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. ఆ అడాప్టర్ మాత్రం చవక రకం కొనకండి. లక్షల ఖరీదు పరికరం కిందపెట్టుకుని, అడాప్టర్ డ్రైవర్ దొరక్క ఒక పూట వృథా చేసుకున్న ఇంకో టీముని చూశాను. ఇంటర్నెట్ ఉంది, తీగతో. కానీ డ్రైవర్లు ఇంటి దగ్గరే ఎక్కించుకుని వెళ్లడం మేలు.

డేటా నాణ్యత గురించి అడిగేవాళ్లకి: చాలా బాగుంటుంది, ఒక్క చోట తప్ప. పైన పల్చటి మంచినీటి పొర, దాని కింద ఉప్పునీరు, రెండింటికీ మధ్య మీటరు కూడా లేని సంధి. అక్కడ లవణీయత గీతలో ముళ్లు లేస్తాయి. ఉష్ణోగ్రత సెన్సార్ స్పందించడానికి కాస్త టైము తీసుకుంటుంది, సెల్ దానికన్నా చురుకు. ఇద్దరూ వేర్వేరు క్షణాల నీటిని చూసి ఒకే లెక్కలో కూర్చుంటే వచ్చే ఫలితం అది. సాఫ్ట్‌వేర్‌లో రెండు గీతల్నీ సెకనులో కొన్ని వంతులు జరిపి సరిచేస్తాం. సెకనుకి నాలుగు కొలతలే వచ్చే పరికరంలో ఆ సర్దుబాటుకి హద్దుంది. మెల్లగా దించడమే అసలు మందు.

బంగాళాఖాతంలో పనిచేసి వచ్చినవాళ్లకి ఈ గీతలు మొదట తెలిసినట్టే అనిపిస్తాయి. వానాకాలం తర్వాత గోదావరి, కృష్ణ, గంగ వదిలిన మంచినీళ్లు మన తీరం పక్కన పైన తేలుతుంటాయి, లవణీయత పైన తక్కువ, కింద ఎక్కువ. చలికాలంలో ఉత్తర బంగాళాఖాతంలో పైన చల్లగా, కింద వెచ్చగా ఉండే తిరగబడ్డ పొరలు కూడా కనిపిస్తాయి. విశాఖలో చదువుకున్న నాలాంటివాళ్లకి వీటితోనే ఓనమాలు. కానీ మన దగ్గర 28 డిగ్రీల నీటిలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా సాంద్రత బాగా మారుతుంది. గడ్డకట్టే దశకి దగ్గరగా ఉన్న నీటిలో ఉష్ణోగ్రత మారినా సాంద్రత పెద్దగా కదలదు, బరువు నిర్ణయించేది ఉప్పే. అందుకే 4 డిగ్రీల అట్లాంటిక్ నీరు, దానికన్నా చల్లటి నీటి కింద నిశ్చింతగా పడుకుని ఉంటుంది, ఉప్పు ఎక్కువ కాబట్టి. దీనివల్ల పరికరం మీద ఒక బాధ్యత పడుతుంది: మన సముద్రంలో ఉష్ణోగ్రత సరిగ్గా వస్తే సగం కథ తెలిసిపోతుంది, అక్కడ వాహకత సెల్ చెడిపోతే మిగిలేది దాదాపు ఏమీ లేదు.

కాబట్టి సెల్‌ని గుడ్డిగా నమ్మం. కొన్ని స్టేషన్లలో నిస్కిన్ సీసాతో (కోరిన లోతులో మూసుకునే సీసా) నీరు కూడా పడతాం. ఆ నీటితోనే గాజు సీసాని మూడుసార్లు తొలిచి, నింపి, బిగించి ఇంటికి తెస్తాం. తర్వాత ల్యాబ్‌లో లవణీయత కొలిచే సాలినోమీటర్ మీద, ప్రామాణిక సముద్రజలంతో పోల్చి కొలుస్తాం. సీటీడీ చెప్పినదీ ఇదీ దగ్గరగా వస్తే నిద్ర పడుతుంది. మా పరికరం కొలతలు రెండు కాలిబ్రేషన్ల (ప్రామాణిక కొలతతో పోల్చి సరిచూడటం) మధ్య చాలా కొద్దిగానే పక్కకి జరిగాయి, ఆ జరగడం కూడా ఒకే దిక్కుకి. ఇది నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే గుణం. ఒత్తిడి సెన్సార్ డెక్ మీద సున్నా చూపించాల్సింది కాస్త అటూ ఇటూ చూపిస్తుంది, రోజూ రాసుకుని తీసేస్తే చాలు.

కాలిబ్రేషన్ మాత్రం నాకు అస్సలు నచ్చని భాగం. ఏడాదికోసారి ఫ్యాక్టరీకి పంపమంటారు. ఇండియా నుంచి పంపడం, తిరిగి రావడం, మధ్యలో కస్టమ్స్, “ఇది అమ్మకానికి కాదు, మాదే, బాగుచేయించి తెచ్చుకుంటున్నాం” అని ప్రతిసారీ కొత్తగా వివరించడం. ఒక ఏడాది పెట్టె దారిలో ఒక పెద్ద విమానాశ్రయం గోదాములో ఉండిపోయింది. మేము చేరాం, అది చేరలేదు. పక్క దేశం స్టేషన్ వాళ్లు తమ సీటీడీ అరువిచ్చి ఆదుకున్నారు. నీ-ఓలెసుండ్‌లో నాకు బాగా నచ్చేది ఈ సర్దుకుపోవడమే. స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) పరిధిలో లేదు, మనుషుల వీసాలో రెండుసార్లు ప్రవేశం అడగాల్సిందే. స్వాల్‌బార్డ్‌లోని ముఖ్య పట్టణం లాంగ్‌యియర్‌బ్యెన్ నుంచి నీ-ఓలెసుండ్‌కి వెళ్లే చిన్న విమానం డోర్నియర్ 228, ఆ మోడల్‌ని కాన్పూర్‌లో హెచ్ఏఎల్ కూడా తయారు చేస్తుంది. చూడగానే మన ఊరి బస్సు ఎక్కినట్టు ధైర్యం వచ్చిన మాట వాస్తవమే కానీ, దాంట్లో బరువు లెక్క కఠినం. స్టీలు పంజరాన్ని విప్పి విడిగా పంపించుకోవడం అలవాటైంది.

మా రకం సీటీడీకి పోటీగా పంపు లేని, ఇండక్టివ్ సెల్ (ఎలక్ట్రోడులు నీటికి తగలకుండా అయస్కాంత ప్రభావంతో వాహకత కొలిచేది) ఉన్న సీటీడీలు వచ్చాయి. ఒక వసంతకాలం అరువు తెచ్చి పక్కపక్కనే దించి చూశాం. తేలిక, గోల లేదు, గాజు గొట్టం లేదు కాబట్టి గడ్డకట్టినా పగులుతుందన్న బెంగ లేదు, సెకనుకి కొలతలు కూడా చాలా ఎక్కువ. పంపు కోసం ఆగే పని లేదు. చిన్న పడవలో, ఏప్రిల్ చలిలో, ఇద్దరే మనుషులుంటే నేను కళ్లు మూసుకుని దాన్నే తీసుకెళ్తాను. అయితే పంపు లేదు కాబట్టి దించే వేగాన్ని బట్టి నీటి పారుదల మారుతుంది, తాడు చేత్తో వదిలేవాళ్ల తీరుని బట్టి డేటా మారే అవకాశం ఎక్కువ. సెల్ చుట్టూ ఉన్న లోహపు చట్రం కూడా కొలతపై ప్రభావం చూపుతుంది కాబట్టి, ఎక్కడ బిగించామన్నదీ చూసుకోవాలి. ఏళ్ల తరబడి ఒకే రకం కొలతల వరుస ఉన్నప్పుడు మధ్యలో పరికరం మార్చడానికి చెయ్యి రాదు. మేము పాతదాన్నే కొనసాగిస్తున్నాం, అది ప్రధానంగా ఈ కారణానికే.

మూరింగ్ మీద ఏడాదంతా ఉండే లాగర్లు (తమంతట తామే కొలతలు రాసుకునే చిన్న పరికరాలు) ఉండగా ఈ దించడం, లాగడం దేనికి అని అడుగుతుంటారు. మూరింగ్ ఒకే చోట ఉండి, రాత్రీ పగలూ, మనుషులు పడవ తీయలేని చీకటి నెలల్లో కూడా రాసుకుంటుంది. దాని విలువ దానిదే. కానీ ఉపరితలానికి దగ్గరగా దాన్ని ఉంచలేరు, మంచుగడ్డలు ఈడ్చుకుపోతాయి. ఫియోర్డు పొడవునా ఏం జరుగుతోందో అది చెప్పలేదు. పైగా నెలల తరబడి నీళ్లలో ఉన్న సెన్సార్ కొలత ఎటు తప్పిందో తెలియాలంటే, దాన్ని పైకి తీసేముందు పక్కనే తాజాగా కాలిబ్రేట్ చేసిన సీటీడీ దించి పోల్చాలి. ఆ తర్వాత పడవ నుంచి నీళ్లలోకి శబ్ద సంకేతం పంపగానే అడుగున లంగరుని పట్టుకున్న కొక్కెం వదిలేసి, మూరింగ్ తాడుకి కట్టిన బంతులు నీటి మీద తేలితే, ఏడాది డేటా చేతికొచ్చినట్టు. ఆ పోల్చే కాస్ట్‌లో మాత్రం తొందరపడకూడదు. అన్ని కాస్ట్‌ల కన్నా మెల్లగా, ప్రతి లాగర్ లోతులో కాసేపు ఆపి దించుతాం.

కొనాలనుకునేవాళ్లకి నా మాట: ఓడలు, పెద్ద పడవలు అందుబాటులో ఉండి, సీజన్ జూన్ నుంచి సెప్టెంబర్ వరకే అయితే పంపు ఉన్న సీటీడీకే ఓటు. వసంతకాలపు పని, మంచు మీద నుంచి రంధ్రం తొలిచి దించే పని ఉంటే పంపు లేనిది చూడండి. ఏది తీసుకున్నా ఆర్డర్‌లోనే రెండు సెట్ల ఓ-రింగులు, రెండు డమ్మీ ప్లగ్గులు (కేబుల్ లేనప్పుడు పిన్నుల్ని మూసేవి), ఒక అదనపు డేటా కేబుల్, పంపు ట్యూబు మీటరు, గాలి కన్నం పొడిచే తీగ రాయించుకోండి. తర్వాత విడిగా తెప్పించుకుంటే వస్తువు ఖరీదు కన్నా కొరియర్, కస్టమ్స్ ఖర్చే ఎక్కువవుతుంది, పైగా సీజన్ అయ్యాక చేరుతుంది.